పిల్లుల్లో బాక్టీరియా నేత్రవ్యాధులు: రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు

రోగనిరోధక శక్తి సన్నగిల్లిన పిల్లి కంటికి బాక్టీరియా వల్ల వచ్చే జబ్బులు ఈ వ్యాస విషయం. రెప్పల లోపలి పొర (కంటిపొర) వాచి పుసి కట్టే కండ్లకలక మొదలుకొని, నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర (కార్నియా) పుండుపడి కరిగిపోవడం, కనుగుడ్డు లోపల చీము పట్టడం, కంటి వెనక గడ్డ లేవడం దాకా వీటి విస్తృతి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి కొద్ది వారాల్లో వదిలించుకునే క్రిమి, నిరోధకత లేని పిల్లిని నెలల తరబడి వేధిస్తుంది. ఒక్కోసారి కన్ను తీసేయక తప్పని స్థితికీ తెస్తుంది.

పిల్లి కంట్లో చీము కనిపించగానే నేరమంతా బాక్టీరియా మీద మోపడం అలవాటు. పిల్లుల్లో మాత్రం బాక్టీరియా చాలాసార్లు రెండోసారిగా వచ్చేదే. ముందు ఒక వైరసో, గోటి గాయమో, పోషణలోపమో తలుపు తీస్తుంది, ఆ తర్వాత చర్మం మీదా నోట్లోనూ మామూలుగా ఉండే క్రిములు లోపలికి వస్తాయి. క్లమీడియా ఫెలిస్, బహుశా మైకోప్లాస్మా వంటి కొన్ని మాత్రమే తమంత తాముగా పిల్లి కంటికి జబ్బు తేగలవు. ఈ తేడా తెలియక చుక్కల మందులు మార్చి మార్చి వేయడంలోనే చాలా కేసుల్లో విలువైన కాలం గడిచిపోతుంది.

కంటికి ఉన్న సొంత కాపలా

పిల్లి కన్ను క్రిములు బొత్తిగా లేని చోటేమీ కాదు. అయినా కుక్క కంటితో పోలిస్తే అక్కడ బాక్టీరియా సంఖ్య చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పిల్లి కంటిపొర నుంచి నమూనా తీసి కల్చర్ చేస్తే చాలాసార్లు ఏమీ పెరగదు. పెరిగితే స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, కోరినీబాక్టీరియం, మైక్రోకాకస్ వంటివి కొద్దిపాటిగా కనిపిస్తాయి. కన్నీరు వీటిని ఎప్పటికప్పుడు కడిగేస్తుంటుంది. అందులోని ఐజిఎ ప్రతిరక్షకాలు క్రిములు పొరకు అంటుకోకుండా అడ్డుపడతాయి.

ముక్కు వైపు మూలలో ఉండే మూడో రెప్ప ఈ కాపలాలో పెద్ద భాగస్వామి. కన్నీటిలో గణనీయమైన వాటా దాని అడుగున ఉన్న గ్రంథిదే, నిరోధక కణాల గుంపులూ అక్కడే ఉంటాయి. పిల్లి నలతగా ఉన్నప్పుడు తెల్లటి పొరలా సగం కన్నును కప్పేసేది ఈ మూడో రెప్పే. దాన్ని చూసి పిల్లికి ‘పువ్వు వేసింది’ అనుకునేవారున్నారు. పువ్వంటే కార్నియా మీద పడే తెల్లమచ్చ, ఇది వేరు.

కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. దానికి రక్తనాళాలు లేవు, పారదర్శకంగా ఉండాలంటే ఉండకూడదు కూడా. ఆ కారణంగానే అక్కడికి తెల్లకణాలు చేరడం ఆలస్యమవుతుంది. పైనున్న పలుచని కణాల పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం చాలా బాక్టీరియాలు దాన్ని దాటలేవు. అది చిట్లిందంటే కింద ఉన్న స్ట్రోమా, అంటే కొల్లాజెన్ పోగులతో అల్లిన మందపాటి భాగం, వాటికి మేత అవుతుంది.

నిరోధకత తగ్గే దారులు

అందరూ ముందుగా తలిచేది రెండు వైరస్సులను. పిల్లుల ల్యుకీమియా వైరస్‌ను 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం గుర్తించింది. పేరు రక్తక్యాన్సర్‌దే అయినా, ఆ వైరస్ సోకిన పిల్లులు రక్తహీనతతోనూ నిరోధకత కుప్పకూలడం వల్ల వచ్చే ఇతర జబ్బులతోనూ కూడా చనిపోతాయి. ఉమ్మి ద్వారా, ఒకదాన్నొకటి నాకడం ద్వారా, తల్లిపాల ద్వారా ఇది వ్యాపిస్తుంది. రెండోది పిల్లుల ఇమ్యునోడెఫిషియెన్సీ వైరస్, వాడుకలో ఎఫ్‌ఐవి. 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమా పట్టణంలో, గుంపుగా ఉంచిన పిల్లుల్లో చావులు ఎక్కువవుతున్నాయని పరిశీలించినప్పుడు డేవిస్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్స్ పెడర్సెన్, జానెట్ యమమోటో దీన్ని వేరుచేశారు. మనుషుల హెచ్‌ఐవికి ఇది దాయాది వంటిది. మనుషులకు సోకదు. ప్రధానంగా కాటు వల్ల వ్యాపిస్తుంది కాబట్టి వీధుల్లో కొట్లాడే గండుపిల్లుల్లో ఎక్కువ.

ఎఫ్‌ఐవి సోకిన పిల్లి ఏళ్ల తరబడి మామూలుగానే కనిపించవచ్చు. సిడి4 లింఫోసైట్లనే తెల్లకణాలు నెమ్మదిగా తగ్గుతూ పోతాయి. చిగుళ్ల వాపు, తగ్గని జలుబు, కండ్లకలక వంటివి తర్వాత బయటపడతాయి. అన్ని పిల్లుల్లో ఈ క్రమం చివరిదాకా నడవదు. ఇంటిపట్టున, మంచి తిండితో పెరిగిన ఎఫ్‌ఐవి పిల్లులు చాలావరకు నిండు వయసు దాకా బతుకుతాయి. పరీక్ష పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో పిల్లిని చంపించేయడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

ఈ రెండు వైరస్సుల పేర్లు ఎంత మోగినా, రోజువారీ వైద్యంలో ఎక్కువగా కనిపించే నిరోధకతలేమి వేరేది. తల్లిపాలతో వచ్చిన ప్రతిరక్షకాలు తగ్గిపోయి, సొంతవి ఇంకా తయారుకాని పసికూనలు మొదటి వరస. తల్లి లేకుండా గోనెసంచిలోనో అట్టపెట్టెలోనో దొరికిన కూనలకు ఆ తొలి రక్షణ కూడా దక్కదు. పాన్‌ల్యుకోపీనియా వైరస్ సోకిన కూనల్లో తెల్లకణాలు దాదాపు అడుగంటుతాయి. కడుపులో పురుగులు, ఒళ్లంతా ఫ్లీలు (గెంతుతూ రక్తం పీల్చే పురుగులు), అరకొర తిండి ఇవన్నీ కలిస్తే ఏ వైరస్ లేకుండానే నిరోధకత పడిపోతుంది. పెద్ద పిల్లుల్లో మధుమేహం, ముదిరిన మూత్రపిండాల జబ్బు, క్యాన్సర్ మందులు, ఉబ్బసానికీ చర్మవ్యాధులకూ ఎక్కువకాలం వాడే స్టీరాయిడ్లు, సైక్లోస్పోరిన్ కారణాలు.

వీటన్నిటినీ కలిపే లంకె పిల్లుల హెర్పిస్ వైరస్. 1958లో అమెరికాలో క్రాండెల్, మారర్ దీన్ని మొదట వేరుచేశారు. ఒకసారి సోకిన పిల్లుల్లో అత్యధిక భాగం, సుమారు 80 శాతమని లెక్క, దాన్ని ముఖానికి నాడులు పంపే ట్రైజెమినల్ గాంగ్లియాన్‌లో జీవితాంతం దాచుకుంటాయి. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, ఈనినా, స్టీరాయిడ్ ఇచ్చినా ఆ వైరస్ నిద్రలేస్తుంది. లేచి నేరుగా కార్నియా పైపొర కణాలను చంపుతుంది. బాక్టీరియాకు కావలసిన సందు అదే.

ఏ బాక్టీరియాలు

క్లమీడియా ఫెలిస్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1940లలో అమెరికాలో జేమ్స్ బేకర్ దీన్ని పిల్లుల న్యుమోనియాకు కారణమని వర్ణించాడు, అప్పట్లో వైరస్ అనుకున్నారు. కణం లోపల తప్ప బతకలేదు, మామూలు కల్చర్ పళ్లెంలో పెరగదు కాబట్టి ఆ పొరపాటు సహజమే. తర్వాత తెలిసిందేమంటే ఇది బాక్టీరియా, ఊపిరితిత్తుల కన్నా కన్నే దీనికి ఇష్టమైన చోటు. 1999లో దీన్ని క్లమిడోఫిలా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. ఆ విభజన నిలవలేదు, మళ్లీ పాత ప్రజాతిలోకే వచ్చింది. పాత పుస్తకాల్లో కనిపించే క్లమీడియా సిట్టాసి అన్న పేరు చిలుకల జబ్బు క్రిమిది, ఒకప్పుడు రెండింటినీ ఒకటిగా లెక్కించేవారు.

ఒక పిల్లి కంటిస్రావం మరో పిల్లికి తగిలితే ఇది అంటుకుంటుంది. శరీరం బయట ఎక్కువసేపు బతకదు, అందుకే దగ్గరదగ్గరగా ఉండే పిల్లుల్లోనే చెలరేగుతుంది. సోకిన 2 నుంచి 5 రోజులకు ఒక కన్ను నీరుకారుతుంది. కంటిపొర ఎర్రగా ఉబ్బి, నీరుపట్టి, కార్నియా అంచుల మీదికి బుడగలా పొంగుతుంది. మరికొన్ని రోజులకు రెండో కన్నూ అదే దారి పడుతుంది. పిల్లి తింటుంది, ఆడుతుంది, కళ్లు మాత్రం చూడలేనట్టు ఉంటాయి. కార్నియా మీద పుండు పడటం దీని లక్షణం కాదు. పుండు ఉందంటే హెర్పిస్‌ను అనుమానించాలి. ఏడాది లోపు వయసున్న పిల్లుల్లోనే ఎక్కువ.

నిరోధకత తగ్గితే కథ ఎలా మారుతుందో 1990లలో బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రయోగం చూపింది. ఎఫ్‌ఐవి ఉన్న పిల్లులకూ లేని పిల్లులకూ క్లమీడియాను సోకించి గమనించారు. లేనివి కొన్ని వారాల్లో తేరుకుని క్రిమిని వదిలించుకున్నాయి. ఉన్నవాటిలో కండ్లకలక నెలల తరబడి సాగింది, క్రిమి బయటికి వస్తూనే ఉంది. క్రిమి అదే, మోతాదు అదే, పిల్లి శరీరమే వేరు. తగ్గని కండ్లకలకతో వచ్చిన పిల్లికి ఎఫ్‌ఐవి పరీక్ష ఎందుకు చేయాలో ఇంతకన్నా సూటిగా చెప్పే సాక్ష్యం అరుదు.

మైకోప్లాస్మా ఫెలిస్‌కు కణగోడ ఉండదు. కణగోడను దెబ్బతీసి పనిచేసే పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు దీని మీద పనిచేయకపోవడానికి కారణం అదే. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ కనిపిస్తుంది కాబట్టి ఇది అసలు నిందితురాలా, పక్కన నిలబడిన సాక్షా అన్న వాదన ఇంకా తెగలేదు. పసికూనల్లోనూ స్టీరాయిడ్ల మీద ఉన్న పిల్లుల్లోనూ ఇది జబ్బు తెస్తుందనడంలో మాత్రం పెద్దగా విభేదం లేదు. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా ప్రధానంగా శ్వాసకోశ క్రిమి. కళ్లకు వచ్చేది జలుబుతో పాటే.

స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, ఇ.కోలై అవకాశం కోసం కాచుకునేవి. వీటిలో ప్రత్యేకించి భయపడాల్సింది సూడోమోనాస్ ఎరుజినోసాకు. నీళ్లలో, తేమలో, నిలవ ఉంచిన మందుసీసా మూతి దగ్గర కూడా బతికే ఈ క్రిమి కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను విడుస్తుంది, చాలా మందులకు లొంగదు. పాస్చురెల్లా మల్టోసిడా పిల్లి నోటి నివాసి. కొట్లాటలో పడిన పంటిగాటు ద్వారా కనుగుడ్డులోకీ చుట్టుపక్కల కణజాలంలోకీ చేరుతుంది.

బయటినుంచి కాక రక్తం ద్వారా కంటిలోకి వచ్చేవి వేరే జాతి. బార్టొనెల్లా హెన్సెలే పిల్లి ఫ్లీల ద్వారా వ్యాపించి ఎర్ర రక్తకణాల్లో దాక్కుంటుంది. కంటి లోపలి వాపు ఉన్న కొన్ని పిల్లుల కంటిద్రవంలో దీని జాడలు దొరికాయి. కానీ ప్రతిరక్షకాలు ఉన్న ఆరోగ్యవంతమైన పిల్లులు లెక్కలేనన్ని, కాబట్టి రక్తపరీక్ష ఒక్కటే చూసి తీర్పు చెప్పడం సరికాదు. క్షయ కుటుంబానికి చెందిన మైకోబాక్టీరియాలు అరుదే, వస్తే మాత్రం కంటి వెనక పొరల్లో గడ్డలు కట్టి రెటీనాను ఊడదీస్తాయి. పచ్చిమాంసం, కాచని పాలు ఒక దారి. బ్రిటన్‌లో 2018–19లో పచ్చి జింకమాంసంతో తయారైన ఆహారం తిన్న ఇంటి పిల్లులకు మైకోబాక్టీరియం బోవిస్ సోకిన ఉదంతాలు ఇందుకు ఉదాహరణ.

రోగరూపాలు

కండ్లకలక అన్నిటికన్నా ఎక్కువ. మొదట నీళ్లలాంటి స్రావం, తర్వాత పసుపో ఆకుపచ్చో రంగు పుసి, రెప్పలు అతుక్కుపోవడం. హెర్పిస్‌తో కలిసి వచ్చిన తీవ్రమైన కేసుల్లో పొర పైకణాలు ఊడిపోయి, కంటిపొర కార్నియాకో మూడో రెప్పకో శాశ్వతంగా అతుక్కుంటుంది. వీధిలో కనిపించే పిల్లుల్లో ఒక కన్ను చిన్నదిగా, మసకగా, పొర కప్పినట్టు ఉండటం చాలాసార్లు చిన్నప్పటి ఈ జబ్బు మిగిల్చిన గుర్తు.

పసికూనల్లో దీనికి ఒక ప్రమాదకరమైన రూపం ఉంది. పిల్లికూన కళ్లు పుట్టిన 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. అప్పటిదాకా మూసుకుని ఉన్న రెప్పల వెనక చీము చేరితే బయటికి దారి ఉండదు. కన్ను ఉన్నచోట రెప్ప ఉబ్బెత్తుగా లేస్తుంది, ఒక్కోసారి లోపలి మూల నుంచి చుక్క చీము కారుతుంది. ఇక్కడ కళ్లు వాటంతట అవే తెరుచుకునేదాకా ఆగకూడదు. గోరువెచ్చని తడిదూదితో మెత్తబరచి వైద్యుడు రెప్పలను విడదీసి, చీము కడిగి, మందు వేయాలి. ఆలస్యమైతే కార్నియా చిల్లుపడి, కన్ను తెరవకముందే పోతుంది.

కార్నియా పుండులో పిల్లి కన్ను చికిలిస్తుంది, వెలుతురుకు ముఖం తిప్పుకుంటుంది. బాక్టీరియా చేరని పైపై పుండు సాధారణంగా వారంలోపు మానుతుంది. వారం దాటినా మానలేదంటే, అంచులు మెత్తబడి జిగురుగా కిందికి జారుతున్నట్టు కనిపిస్తే, పుండు చుట్టూ పసుపు తెలుపు రంగు చేరితే కథ మారిందని అర్థం. బాక్టీరియా ఎంజైములూ, వాటితో పోరాడటానికి వచ్చిన తెల్లకణాల ఎంజైములూ కలిసి స్ట్రోమాను కరిగిస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే కార్నియా చిల్లుపడవచ్చు. స్టీరాయిడ్ చుక్కలు పడిన కంట్లో ఈ కరుగుదల మరింత వేగం పుంజుకుంటుంది. పాత పుండు చోట నల్లటి పెచ్చు కట్టడం పిల్లులకే ఎక్కువగా వచ్చే మరో పరిణామం, పర్షియన్, హిమాలయన్ జాతుల్లో మరీ ఎక్కువ.

కనుగుడ్డు లోపలి వాపును యువియైటిస్ అంటారు. కనుపాప చిన్నదవుతుంది, ఐరిస్ రంగు మందగిస్తుంది లేదా ఎర్రబడుతుంది, ముందు గదిలోని ద్రవం పొగపట్టినట్టవుతుంది, అడుగున చీము పేరుకోవచ్చు. నిరోధకత తగ్గిన పిల్లిలో దీనికి బాక్టీరియా ఒక కారణమే. టాక్సోప్లాస్మా, క్రిప్టోకాకస్ ఫంగస్, కరోనా వైరస్ మార్పు చెంది తెచ్చే ఎఫ్‌ఐపి అనే జబ్బు, ల్యుకీమియా వైరస్ తెచ్చే లింఫోమా, ఎఫ్‌ఐవి స్వయంగా కూడా ఇలాగే కనిపిస్తాయి. గోరు గుచ్చుకుని కటకం దాకా గాయమైతే, పైగాయం మానిపోయిన కొన్ని వారాలకు లోపల చీము బయటపడటం కూడా ఉంది. కన్నంతా చీము పట్టినప్పుడు చూపు కాపాడటం దాదాపు అసాధ్యం.

కంటి వెనక గడ్డ కడితే కనుగుడ్డు ముందుకు తోసుకొస్తుంది, మూడో రెప్ప పైకొస్తుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు, నోరు తెరవబోతే పిల్లి నొప్పితో అరుస్తుంది. మూలం తరచు పైదవడ పన్ను వేరులో ఉంటుంది.

నిర్ధారణ

పరీక్షల వరస ముఖ్యం. కన్నీటి కొలత ఏ చుక్కా వేయకముందే తీసుకోవాలి. కల్చర్‌కు నమూనా కూడా అంతే, మందు పడిన కంటినుంచి తీస్తే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. తర్వాత ఫ్లోరెసీన్ రంగు వేస్తే పుండు పడిన చోటు పచ్చగా మెరుస్తుంది. పుండు స్ట్రోమా కింద ఉన్న డెసిమెట్ పొర దాకా దిగితే నడిమి భాగం రంగు పట్టదు. పచ్చటి వలయం మధ్య నల్లటి చుక్కలా కనిపిస్తుంది, అది చిల్లుపడబోతోందన్న సంకేతం. రంగు పట్టలేదు కదా, మానిపోయిందని పొరబడటం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. కంటి ఒత్తిడి కొలిస్తే యువియైటిస్‌లో తగ్గి, నీటికాసులలో పెరిగి కనిపిస్తుంది.

తిమ్మిరి మందు వేసి పొర మీదినుంచి గీకిన కణాలను సూక్ష్మదర్శినిలో చూడటం చవకైన పద్ధతి, ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. తెల్లకణాలు మింగిన గుండ్రటి బాక్టీరియాలు (కోకస్‌లు) కనిపిస్తే బాక్టీరియా నిజంగా చొరబడిందని నమ్మవచ్చు. క్లమీడియాకు పిసిఆర్ అనే జన్యుపరీక్ష మేలు. లోపలి కణాలు కావాలి కాబట్టి నమూనా తీసేటప్పుడు దూదిపుల్లను పొరమీద గట్టిగా రుద్దాలి, పుసి తుడిచి పంపితే లాభం లేదు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్ర విభాగాలున్నాయి. మానని పుండు ఉన్న పిల్లిని ఆ బోధనాసుపత్రులకు పంపించడం స్థానిక వైద్యుడు ఆలోచించదగ్గ దారి.

కన్నుతో పాటు పిల్లిని మొత్తంగా పరీక్షించాలి. రక్తకణాల లెక్క, చక్కెర, మూత్రపిండాల పనితీరు, ఎఫ్‌ఐవి ప్రతిరక్షక పరీక్ష, ల్యుకీమియా ప్రతిజనక పరీక్ష కనీసం కావాలి. 6 నెలల లోపు కూనకు ఎఫ్‌ఐవి పాజిటివ్ వస్తే అది తల్లిపాలతో వచ్చిన ప్రతిరక్షకం కావచ్చు, వయసు పెరిగాక మళ్లీ చేసి చూడాలి.

చికిత్స

క్లమీడియాకు చుక్కల మందు ఒక్కటే చాలదు. క్రిమి ముక్కు, గొంతు, పేగుల్లో కూడా ఉంటుంది. డాక్సీసైక్లిన్ కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. చొప్పున నోటిద్వారా 4 వారాలు ఇవ్వడం ఆమోదితమైన పద్ధతి. నిరోధకత తగ్గిన పిల్లిలో లక్షణాలు పోయాక మరో 2 వారాలు కొనసాగిస్తారు. ఒక ఇంట్లోని పిల్లులన్నిటికీ ఒకేసారి ఇవ్వాలి. వారానికే కళ్లు తేటపడతాయి, అక్కడే చాలామంది మందు ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. అజిత్రోమైసిన్ తక్కువ మోతాదులతో పని అయిపోతుందన్న ఆశతో వాడి చూశారు గాని, క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టలేకపోయింది. మరీ చిన్న కూనలకు అమాక్సిసిలిన్–క్లావులనేట్ ప్రత్యామ్నాయం.

డాక్సీసైక్లిన్ మాత్ర విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పిల్లి ఆహారనాళంలో మాత్ర ఇరుక్కుని పుండుచేసి, నాళాన్ని శాశ్వతంగా ఇరుకు చేయగలదు. మాత్ర వేసిన వెంటనే సిరంజితో 5–6 మి.లీ. నీళ్లు తాగించాలి, లేదా తిండి పెట్టాలి.

పుండుకు వాడే చుక్కలను వైద్యుడు కణపరీక్షను బట్టి ఎంచుకుంటాడు. కరిగే పుండుకు టోబ్రామైసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటివి మొదట్లో గంట రెండు గంటలకోసారి వేయాల్సి ఉంటుంది. రోజుకు మూడుసార్లు చొప్పున వేస్తే ఇక్కడ సరిపోదు, అందుకే ఆసుపత్రిలో ఉంచమంటారు. పిల్లి సొంత రక్తం నుంచి తీసిన సీరంను చుక్కలుగా వేయడం కొల్లాజెన్‌ను తినే ఎంజైములను ఆపడానికి బాగా ఉపయోగపడుతుంది. దాన్ని ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది రోజులకోసారి కొత్తది తయారుచేసుకోవాలి. పుండు లోతైతే కంటిపొర ముక్కను తెచ్చి కార్నియా మీద కుట్టే శస్త్రచికిత్స కన్నును నిలబెడుతుంది. కుక్కల్లో మానని పుండుకు సూదితో గీతలు గీసే పద్ధతిని పిల్లులకు వాడకూడదు, నల్లపెచ్చు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఎన్రోఫ్లాక్సాసిన్ కిలోకు రోజుకు 5 మి.గ్రా. దాటితే పిల్లి రెటీనా దెబ్బతిని ఆకస్మికంగా, శాశ్వతంగా గుడ్డిదయ్యే ప్రమాదం ఉంది. ఈ మందును రెటీనా నుంచి బయటికి నెట్టే రవాణా ప్రొటీన్ పిల్లుల్లో సరిగా పనిచేయకపోవడం దీనికి కారణం. నొప్పి తగ్గడానికని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ఇస్తే పిల్లి చనిపోవచ్చు. చికిత్స కోసమే వెళ్లి చూపో ప్రాణమో పోగొట్టుకునే సందర్భాలివి, కంటి జబ్బు కన్నా ముందు వీటిని గుర్తుంచుకోవాలి.

మన మందుల దుకాణాల్లో చీటీ లేకుండా అడిగితే దొరికే కంటి చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ వంటి స్టీరాయిడ్ కలిపినవి చాలా ఉన్నాయి. ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతుంది, యజమాని సంతోషిస్తాడు. లోపల హెర్పిస్ నిద్రలేస్తుంది, పుండు లోతుకు దిగుతుంది. నిరోధకత తగ్గిన పిల్లి కంటికి ఫ్లోరెసీన్ పరీక్ష చేయకుండా స్టీరాయిడ్ చుక్క వేయడం క్షమించరాని పని. ఇంటివైద్యంగా చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం, పసుపునీళ్లు వేసే అలవాటు పల్లెల్లో ఉంది. ప్రేమతో చేసేదే అయినా, పైపొర చిట్లిన కంటికి ఇవన్నీ కొత్త క్రిములను చేరవేస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన దూదితో పుసి తుడవడం వరకే ఇంట్లో చేయదగ్గది. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకూడదు.

హెర్పిస్ ఉంటే ఫాంసిక్లోవిర్ అనే వైరస్ మందు జోడిస్తారు. ఒకప్పుడు విరివిగా రాసిన లైసిన్‌కు ఆధారం లేదని తేలింది. యువియైటిస్‌కు కారణం తేలేవరకూ వాపు తగ్గించే మందు ఎంపికలో వైద్యుడు ఆచితూచి అడుగేయాలి, అణచివేసిన నిరోధకతను ఇంకా అణచడం ఇక్కడ తేలిక. చూపు పోయి నొప్పి మిగిలిన కన్నును తీసేయడం క్రూరత్వం కాదు. ఒంటికంటి పిల్లులు ఇంట్లో హాయిగా మసలుకుంటాయి.

మనుషులకు సోకేవి, నివారణ

క్లమీడియా ఫెలిస్ మనుషుల కంటికి సోకిన ఉదాహరణలు కొద్దే. హెచ్‌ఐవి ఉన్న ఒక వ్యక్తికి తన పిల్లి నుంచి దీర్ఘకాలపు కండ్లకలక వచ్చినట్టు 2001లో జన్యుపరీక్షలతో రుజువైంది. బార్టొనెల్లా వల్ల వచ్చే పిల్లిగోటి జ్వరం మనుషుల రెటీనా మీదా ప్రభావం చూపగలదు. ఒక కన్ను ఎర్రబడి, అదే వైపు చెవి ముందు బిళ్ల కట్టే రూపాన్ని ఫ్రెంచి వైద్యుడు అన్రీ పరినో 1889లోనే వర్ణించాడు. ఇంట్లో క్యాన్సర్ చికిత్సలోనో, అవయవ మార్పిడి మందుల మీదో ఉన్నవారుంటే జబ్బుపిల్లికి మందువేసే పని మరొకరికి అప్పగించాలి. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ మందు వేసేటప్పుడు చేతితొడుగులు వాడటం మంచిది, అరుదుగా అది మనుషుల ఎముకమజ్జను దెబ్బతీస్తుంది.

నివారణలో మొదటి వరస హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యుకోపీనియా వైరస్సులకు కలిపి ఇచ్చే టీకా. 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, చివరి మోతాదు 16 వారాలకు గాని ఆ తర్వాత గాని పడాలి. క్లమీడియా టీకా గుంపుగా పిల్లులున్న చోటికే. అది సోకకుండా ఆపదు, తీవ్రతను తగ్గిస్తుంది. గండుపిల్లికి వృషణాలు తీయిస్తే కొట్లాటలు తగ్గి, ఎఫ్‌ఐవి కాటుబెడద కూడా తగ్గుతుంది. ఫ్లీలకు క్రమంగా మందు వేయడం, పచ్చిమాంసం పెట్టకపోవడం, కొత్తగా తెచ్చిన పిల్లిని 2 వారాలైనా విడిగా ఉంచడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

పిల్లి ఒక కన్ను మూసుకుని తిరుగుతుంటే, నల్లగుడ్డు మసకబారితే, కనుపాపలు రెండూ ఒకే పరిమాణంలో లేకపోతే రేపటిదాకా ఆగకుండా ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. అదే కన్ను ఏడాదిలో రెండోసారి చీము పడితే, చుక్కల మందుతో పాటు రక్తపరీక్ష కూడా చేయించమని అడగండి.